బెణికిన చీలమండతో మళ్లీ నడక ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మూడు వారాల క్రితం ఆర్టీసీ బస్సు దిగుతుంటే రోడ్డు అంచు మీద అడుగు పడి కుడి పాదం లోపలికి మడతపడింది. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని చెప్పి, క్రేప్ బ్యాండేజీ కట్టుకుని వారం రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు. ఇప్పుడు ఇంట్లో తిరగగలుగుతున్నాను. అయితే పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు ఉంటున్నాయి, సాయంత్రానికి చీలమండ వాస్తోంది. ఎనిమిదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. రోజూ చేసే నలభై నిమిషాల నడక ఆగిపోవడంతో షుగర్ కూడా పెరిగింది. వేడి నూనెతో మర్దన చేయించి నరం లాగించుకోమని మా అత్తగారు, పుత్తూరు కట్టు వేయిద్దామని మావారు అంటున్నారు. కోడలి కాన్పు క్షేమంగా జరిగితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను, రెండున్నర నెలల్లో ఆ మొక్కు తీర్చుకోవాలి. నడక ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

సమాధానం: మీ ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే నడక ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, కానీ మీ పాత నలభై నిమిషాల నడక కాదు. ఇంకెన్ని రోజులు ఆగాలని మీరు అడుగుతున్నారు గానీ, చీలమండ విషయంలో రోజుల లెక్క అంతగా పనికిరాదు. ఏ పని చేస్తే మర్నాటి పొద్దున కాలు ఎలా ఉంటున్నదో చూసుకుంటూ పెంచుకోవడమే సరైన పద్ధతి. నొప్పి తగ్గడం వేరు, చీలమండ నడకకు సిద్ధపడటం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించి, నొప్పి పోగానే పాత నడకకు వెళ్లిపోయినవారే నాలుగైదు నెలల్లో అదే కాలు మళ్లీ బెణికించుకుని వస్తుంటారు.

ఎక్స్‌రే బాగానే ఉంటే వాపు ఎందుకు వస్తున్నదన్న సందేహం మీకు కలిగే ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు కనిపించవు. చీలమండకు బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. పాదం లోపలికి మడతపడినప్పుడు అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ముందువైపు ఉన్నది, దెబ్బ గట్టిదైతే దాని కిందిది కూడా. లిగమెంటు పేనిన తాడు వంటిది. కొన్ని పోగులు సాగి ఊరుకుంటే అది మొదటి స్థాయి బెణుకు, కొన్ని తెగితే రెండోది, మొత్తం తెగిపోతే మూడోది. మొదటి స్థాయి బెణుకు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో, రెండో స్థాయిది మూడు నుంచి ఆరు వారాల్లో కుదుటపడుతుంది, మూడోదానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడు వారాలు గడిచినా సాయంత్రం వాపు ఉంటున్నదంటే మీది రెండో స్థాయి అయి ఉండవచ్చని నా అంచనా. అయితే కాలిని పట్టి చూడకుండా దీనిని రూఢిగా చెప్పలేను. నడిచేంతగా కోలుకున్నాక కూడా కొత్తగా అతికిన ఆ పోగులు పూర్తి గట్టిదనం తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కరికి ఏడాది వరకూ పడుతుంది.

నడక గురించి చెప్పేముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే అవసరమా అన్న ప్రశ్నకు కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో కొన్ని గుర్తులు సూచించారు. వాటిని నేటికీ ప్రపంచమంతటా పాటిస్తున్నారు. చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చినట్టు కనిపించే ఎముకల వెనుక అంచు మీద, కింది చివర నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర ఎక్కడైనా, లేదా చిటికెన వేలికి సూటిగా పాదం మధ్యలో బయటివైపు ఉండే ఎముక మొదట్లో, లేదా పాదం లోపలివైపు వంపు దగ్గరి ఎముక మీద నొక్కితే నొప్పి పెట్టినా, దెబ్బ తగిలిన వెంటనేనూ ఆసుపత్రిలోనూ రెండుచోట్లా నాలుగడుగులు వేయలేకపోయినా ఎముక విరిగి ఉండవచ్చని అనుమానించాలి. మీకు ఎక్స్‌రే అయింది కాబట్టి ఆ ఘట్టం దాటారు. అయినప్పటికీ మెనోపాజ్ తరువాతి వయసులో సన్నని పగుళ్లు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవడం అరుదేమీ కాదు. పైన చెప్పిన చోట్లలో ఇప్పటికీ ఎముక మీదే నొప్పి పెడుతుంటే మరొకసారి ఎముకల వైద్యునికి చూపించుకోండి. నొప్పి చీలమండకు కాస్త పైన, రెండు కాలి ఎముకల నడుమ ఉండి, పాదాన్ని బయటికి తిప్పితే ఎక్కువవుతుంటే అది వేరే రకం బెణుకు. అది మానడానికి ఎక్కువ కాలం పడుతుంది, దానికి ఈ సలహాలు సరిపోవు.

మీకు షుగర్ ఉంది కాబట్టి మరొక మాట. ఎనిమిదేళ్ల షుగర్‌లో అరికాలి స్పర్శ మనకు తెలియకుండానే తగ్గి ఉండవచ్చు. వైద్యులు సన్నని నైలాన్ తీగతో అరికాలి మీద అక్కడక్కడ తాకి, తెలుస్తున్నదో లేదో చూస్తారు. క్షణాల్లో అయిపోయే పరీక్ష అది, నడక పెంచేముందు తప్పకుండా చేయించుకోండి. స్పర్శ తగ్గిన కాలికి నొప్పి కూడా సరిగ్గా తెలియదు, నేను కింద చెప్పబోయే లెక్కలన్నీ నొప్పిని నమ్ముకున్నవే. పాదం ఎర్రబడి, తాకితే రెండో పాదం కన్నా వేడిగా ఉండి, వాపు బాగా ఉన్నా నొప్పి మాత్రం అంతగా లేదనిపిస్తే అది బెణుకు వాపు అని సరిపెట్టుకోకుండా, ఆ కాలి మీద బరువు వేయడం మానేసి, ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పిక్క గట్టిపడి నొప్పి, వాపు వచ్చినా అంతే. దానితోపాటు ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే అత్యవసర విభాగానికే వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే ఇక నడకకు వద్దాం. లిగమెంట్ల పని ఎముకలను పట్టి ఉంచడం ఒక్కటే అనుకుంటాం. వాటిలో సన్నని నరాల కొసలు ఉంటాయి, పాదం ఏ కోణంలో ఉందో, ఎటు ఒరుగుతున్నదో అవి క్షణక్షణం మెదడుకు చేరవేస్తుంటాయి. గులకరాయి మీద అడుగు పడి పాదం ఒరగబోతే, మనం ఆలోచించేలోపే కాలి బయటివైపు కండరాలు బిగుసుకుని పాదాన్ని నిలబెడతాయి. లిగమెంటు తెగినప్పుడు ఈ సమాచార వ్యవస్థ కూడా దెబ్బతింటుంది, పడుకుని ఉన్నన్ని రోజులూ ఆ కండరాలు బలహీనపడతాయి. విశ్రాంతితో వాపు తగ్గుతుంది, మాత్రతో నొప్పి తగ్గుతుంది, కానీ ఈ పట్టు తప్పిన సమతౌల్యం దానంతట అది తిరిగిరాదు, దానికి సాధన చేయించాలి. మన దగ్గర ఆసుపత్రి చీటీలో బ్యాండేజీ ఉంటుంది, మాత్రలు ఉంటాయి, విశ్రాంతి ఉంటుంది, ఈ సాధన సంగతి మాత్రం ఉండదు. ఇది నాకు ఎప్పుడూ ఉన్న ఫిర్యాదే.

పొద్దున్నే మొదటి అడుగుల్లో బిగుతు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో మానుతున్న భాగం ఆ స్థితిలోనే బిగుసుకుంటుంది. మంచం మీదనే కూర్చుని, కాలు చాపి, బొటనవేలితో గాలిలో అ, ఆ, ఇ, ఈ అంటూ అచ్చులన్నీ పెద్ద పెద్ద అక్షరాలుగా దిద్దండి. చీలమండ తిరగాల్సిన దిక్కులన్నీ అందులో వస్తాయి. ఆ తరువాత అరికాలి కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని, పిక్కలో సాగినట్టు తెలిసేదాకా నెమ్మదిగా లాగి అరనిమిషం ఉంచండి. మూడు నాలుగు సార్లు ఇలా చేసి లేస్తే ఆ బిగుతు చాలావరకు సర్దుకుంటుంది. సాయంత్రం వాపు ఆ రోజు కాలు మీద పడిన బరువుకు లెక్క. రాత్రి కాలు ఎత్తున పెట్టుకుని పడుకుంటే తెల్లవారేసరికి దిగిపోతే ఫర్వాలేదు, దిగకపోతే ముందురోజు చేసింది ఎక్కువైందన్న మాట.

నడకలో మొదటి నియమం కుంటకుండా నడవడం. మడమ ముందు ఆనాలి, బరువు పాదం మీదుగా ముందుకు సాగాలి, చివరికి బొటనవేలితో నేలను నెట్టాలి. బెణికిన కాలితో నడిచేవారు పాదాన్ని పలకలా ఒక్కసారిగా ఆనించి, బయటికి తిప్పి, రెండో కాలిని తొందరగా ముందుకు లాగేస్తారు. అద్దం ముందు నడిచి చూసుకోండి, లేదా మీవారిని వెనుక నుంచి ఫోనులో వీడియో తీయమనండి. కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు విన్నా తెలుస్తుంది, రెండు కాళ్ల చప్పుడూ ఒకే వ్యవధిలో రావాలి. కుంటుతూ ఇరవై నిమిషాలు నడవడం కన్నా సరైన నడకతో ఐదు నిమిషాలు నడవడం మేలు, ఎందుకంటే కుంటు నడక అలవాటైపోయి మోకాలికీ నడుముకూ చేటు తెస్తుంది. కర్ర ఆసరాతో కుంటు పోతున్నదంటే నామోషీ పడకుండా కర్ర పట్టండి, కుడి కాలు దెబ్బతిన్నది కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి.

మొదటి వారం ఇంటి వరండాలోనో డాబా మీదనో, చదునైన చోట పూటకు ఐదారు నిమిషాలు చొప్పున రెండు పూటలా నడవండి. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో కొలుచుకోండి. నడుస్తున్నప్పుడు రెండు మూడు వరకు ఉండి, గంటలో తగ్గి, మర్నాడు పొద్దున బిగుతు, వాపు ఎక్కువ కాకపోతే రెండు మూడు రోజులకొకసారి రెండేసి నిమిషాలు పెంచండి. ఎక్కువైతే అంతకు ముందరి మోతాదుకు వెనక్కి వెళ్లండి, పూర్తిగా మానేయకండి. ఒకే పూట ఇరవై నిమిషాలు సాఫీగా వచ్చాక వీధిలోకి వెళ్లవచ్చు, అప్పుడు కూడా కొన్నాళ్లు గుంతల రోడ్డు మీద కాకుండా పార్కులోని నడక దారిలోనో మీ బడి ఆవరణలోనో తిరగండి. వేగం పెంచడం చివరి పని. నొప్పి మాత్ర వేసుకుని నడకకు బయలుదేరవద్దు, మాత్ర పని చేస్తున్నంతసేపూ పైన చెప్పిన కొలత అబద్ధం చెబుతుంది. పైగా షుగర్ ఉన్నవారు వైద్యుని అడగకుండా డైక్లోఫెనాక్ వంటివి రోజుల తరబడి వాడితే మూత్రపిండాలకు మంచిది కాదు.

చెప్పుల విషయంలో కాస్త కఠినంగానే చెబుతాను. హవాయి చెప్పులూ, మడమ వెనుక పట్టీ లేని చెప్పులూ కనీసం మూడు నెలలు పక్కన పెట్టండి. లేసులు ఉండి, మడమ చుట్టూ గట్టిగా ఉండే బూట్లు వేసుకోండి, చీరతో బాగుండవన్న మొహమాటం అక్కర్లేదు. షుగర్ ఉంది కాబట్టి ఇంట్లో కూడా వట్టి కాళ్లతో కాకుండా వెనుక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులతోనే తిరగండి. ఇప్పటికి క్రేప్ బ్యాండేజీ కన్నా లేసులతో బిగించుకునే చీలమండ బ్రేస్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. బ్యాండేజీ వాపును అదుపు చేస్తుంది గానీ, పాదం ఒరిగిపోకుండా ఆపే బలం దానికి లేదు. బయటికి వెళ్లేటప్పుడు బ్రేస్ వేసుకుని ఇంట్లో తీసేస్తే కండరాలు సోమరిపోవు. రాత్రిపూట ఏదీ ఉంచుకోవద్దు.

నడకతోపాటు రోజూ పావుగంట సాధన కావాలి. వంటింటి గట్టు పట్టుకుని రెండు మడమలూ నెమ్మదిగా ఎత్తి దించడం మొదలుపెట్టండి, పదిహేనుసార్లు సులువుగా వచ్చాక బరువు కుడి కాలి మీదకు మళ్లిస్తూ చివరికి ఒక్క కాలితో చేయండి. కుర్చీలో కూర్చుని పాత సైకిల్ ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి, పాదానికి తగిలించుకుని, మోకాలు కదలకుండా పాదాన్ని మాత్రమే బయటివైపుకు లాగండి. మళ్లీ బెణకకుండా కాపాడే కండరాలు ఇవే. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఒంటికాలి మీద నిలబడటం. గోడకు దగ్గరగా, చెయ్యి అందేంత దూరంలో నిలబడి ఎడమ కాలు ఎత్తండి. మొదట్లో కుడి పాదం కింద కండరాలన్నీ వణకడం, వేళ్లు నేలను పట్టుకోవాలని చూడటం మీకే తెలుస్తుంది. ఆ వణుకును చూసి భయపడకండి, తెగిపోయిన సమాచారం మళ్లీ కలుస్తున్నప్పుడు అలాగే ఉంటుంది. అరనిమిషం నిలబడగలిగాక తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ తరువాత మడత పెట్టిన దుప్పటి మీద నిలబడి చేయండి. ఈ సాధన రెండో బెణుకును తగ్గిస్తుందని అనేక అధ్యయనాలు తేల్చాయి. నడక పూర్తిగా మామూలయ్యాక కూడా రెండు మూడు నెలలు దీనిని వదలవద్దు.

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని మరొక సంగతి ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు పాదం సరిగ్గా బెణికినప్పుడు మడతపడిన దిక్కుకే ఒరిగి, శరీరం బరువుతో అక్కడే ఉండిపోతుంది. మానుతున్న లిగమెంటును పూజలోనో భోజనం దగ్గరో అరగంటపాటు సాగదీసి ఉంచినట్టే. ఆరు వారాలు దాటేదాకా కుర్చీలోనే కూర్చోండి, నేల మీద కూర్చోక తప్పకపోతే కాళ్లు చాపుకోండి. గొంతుక్కూర్చోవడం, నేల మరుగుదొడ్డి వాడకం చీలమండ పూర్తిగా వంగగలిగాకే. పాదం బొటనవేలిని గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించి చూడండి. ఎడమ కాలు ఎంత దూరం నుంచి తాకగలదో కుడి కాలు కూడా ఇంచుమించు అంత దూరం నుంచి తాకినప్పుడు ఆ వంపు తిరిగి వచ్చినట్టు.

మీ అత్తగారి సలహా సంగతి. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజుల్లో వేడి కాపడం, గట్టి మర్దన చేస్తే లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఆ గడువు దాటింది కాబట్టి గోరువెచ్చని నూనెతో పిక్క మీద మృదువుగా రాస్తే హాని లేదు, హాయిగా కూడా ఉంటుంది. నరం లాగడం మాత్రం వద్దే వద్దు. అక్కడ తప్పిపోయిన నరమేదీ లేదు, మానుతున్న లిగమెంటు ఉంది, దానిని లాగితే మళ్లీ తెగుతుంది. వేడినీళ్ల సంచి కూడా వాడవద్దు. స్పర్శ తగ్గిన కాలు కాలినా మీకు తెలియకపోవచ్చు, షుగర్ పుండుగా మారేదాకా ఎవరూ చూడరు. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను, కానీ అది విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి వేసే కట్టు. మూడు వారాలు దాటిన బెణుకుకు కావలసింది కదలిక. ఇప్పుడు కదలకుండా బిగిస్తే ఉన్న బిగుతు ఇంకా పెరుగుతుంది. విశ్రాంతి, ఐస్, ఒత్తిడి కట్టు, కాలు ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ కూడా తరువాతి కాలంలో ఐస్, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాటను సవరించుకున్నారు. మొదటి రోజుల్లో నొప్పికి తువ్వాలులో చుట్టిన ఐస్‌ను పదిహేను నిమిషాలు పెట్టడంలో తప్పు లేదు, ఇప్పుడు మీకు దాని అవసరమూ పెద్దగా లేదు.

నడక తగ్గిన ఈ కాలంలో షుగర్ కోసం కాలినే కష్టపెట్టనక్కర్లేదు. బరువు తక్కువగా పెట్టి స్టాటిక్ సైకిల్ తొక్కవచ్చు, కుర్చీలో కూర్చుని నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం చేయవచ్చు. బడిలో పాఠం కూర్చుని చెప్పడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి, విరామంలో కాలు మరో కుర్చీ మీద పెట్టుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బతిన్న కుడి కాలు వేయాలి. బస్సు పూర్తిగా ఆగాక, కమ్మీ పట్టుకుని, అడుగు ఎక్కడ పడుతున్నదో చూసి దిగండి, రోడ్డుకు దూరంగా ఆపితే కాస్త ముందుకు పోనివ్వమని డ్రైవరును అడగడానికి సంకోచించకండి.

ఇక మొక్కు. అలిపిరి దారిలో మెట్లు సుమారు మూడున్నర వేలు. గాలి గోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, తరువాత చాలా దూరం దారి తేలికపడుతుంది, అలసిపోయాక చివర్లో మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. రెండున్నర నెలల వ్యవధి సరిపోవచ్చు, కానీ ప్రయాణం ఖరారు చేసేది తేదీ కాదు, మీ కాలు. చదును నేల మీద నలభై నిమిషాలు కుంటకుండా నడిచి, మర్నాడు వాపు లేకుండా ఉండాలి. కుడి కాలి మీద ఎడమ కాలితో సమానంగా అరనిమిషం నిలబడగలగాలి. ఒంటికాలి మడమ ఎత్తడం ఎడమ కాలికి ఎన్నిసార్లు వస్తే కుడి కాలికి కూడా దాదాపు అన్నిసార్లు రావాలి. ఇంటి మెట్లు కమ్మీ పట్టుకోకుండా, అడుగు మార్చి అడుగు వేస్తూ దిగగలగాలి. ఈ నాలుగూ వచ్చాక చివరి నెలలో రెండు రోజులకొకసారి మెట్ల సాధన మొదలుపెట్టి, రెండు మూడు అంతస్తులతో ఆరంభించి పెంచుకోండి. అన్నిటికీ మించి, నడక దారిలో చాలామంది వట్టి కాళ్లతో ఎక్కుతారు, మీ అరికాలి స్పర్శ పరీక్షలో లోపం కనిపిస్తే ఆ ఆలోచన విరమించుకోండి, ఎండకు కాలిన రాతిమెట్టు బెణుకు కన్నా ప్రమాదం. తెల్లవారుజామునే బయలుదేరండి, బ్రేస్ వేసుకోండి, మాత్రల ప్రభావంతో షుగర్ పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజ్ గానీ చక్కెర గానీ కొంగున ఉంచుకోండి. దర్శనమయ్యాక దిగేటప్పుడు మాత్రం బస్సే ఎక్కండి. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే చీలమండ అదుపు తప్పుతుంది, మీ మొక్కు కూడా నడిచి ఎక్కడం వరకే కదా.

దెబ్బ తగిలి ఆరు వారాలు దాటాక కూడా చీలమండ లోపల లోతుగా నొప్పి ఉన్నా, కీలు పట్టేసినట్టు అవుతున్నా, నడుస్తుంటే కాలు దానంతట అది ఒరిగిపోతున్నట్టు అనిపించినా ఎముకల వైద్యుని కలవండి. కీలు లోపలి మృదులాస్థి దెబ్బతిన్నదేమో తెలుసుకోవడానికి ఎమ్మారై అవసరమవుతుందేమో ఆయన చెబుతారు. అటువంటి లక్షణాలుంటే కొండ ప్రయాణాన్ని కోడలి బిడ్డ అన్నప్రాశన వరకు వాయిదా వేసుకోండి.